అనువాదకుడైన ఉపాధ్యాయుడు: డాక్టర్ అలీ షరీఅతీ

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి కిందటేడు రంజాన్ నెలలో నా దగ్గరికి వచ్చింది. సూరె యాసీన్ మొత్తం కంఠస్థంగా వచ్చిన పిల్ల. తప్పు పోకుండా, చక్కని ఉచ్చారణతో చదువుతుంది. "టీచర్, ఇందులో ఒక ఊరివాళ్ళ కథ ఉందంట కదా, మా నానమ్మ చెప్పింది. ఆ కథేంటి?" అని అడిగింది. ఒక పట్నానికి దైవసందేశహరులు రావడం, ప్రజలు వాళ్ళను కాదనడం, అప్పుడు ఊరి చివర నుండి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి "వీళ్ళ మాట వినండి" అని తనవాళ్ళను బతిమాలడం, ఇదంతా చెప్పాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్ళుగా నేను చదువుతున్నది ఇదా టీచర్?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. బడిలో తెలుగు చదువుతారు. పై చదువులకు ఇంగ్లీషు కావాలంటారు. నమాజు అరబీలో చేస్తారు. నాలుగు భాషలు వచ్చిన పిల్లలంటే నిజానికి ధనవంతులు. కానీ ఒక భాషలో ఉన్న అర్థాన్ని మరో భాషలోకి తెచ్చి వాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు లేకపోతే ఆ నాలుగు భాషలూ నాలుగు తాళం వేసిన గదులే. ఆ తాళాలు తీయడాన్నే తన జీవితమంతా పనిగా పెట్టుకున్న ఒక ఉపాధ్యాయుని గురించి మన సొసైటీ ప్రత్యేక సంచికలో రాయాలని అప్పుడే అనుకున్నాను. ఆయన ఇరాన్ దేశస్థుడైన డాక్టర్ అలీ షరీఅతీ.

సమాజ శాస్త్రవేత్తా, అనువాదకుడా?

షరీఅతీ పేరు విన్నవాళ్ళు ఆయనను సమాజ శాస్త్రవేత్తగానే ఎరుగుదురు. "ఇస్లాం సమాజ శాస్త్రం" అనే అర్థం వచ్చే పేరుతో ఆయన ప్రసంగాల సంకలనం ఇంగ్లీషులో 1979లో వెలువడి ప్రపంచమంతా ప్రచారం పొందింది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టర్ పట్టం ఇచ్చింది సమాజ శాస్త్రంలో కాదు. ఒక ప్రాచీన ఫార్సీ గ్రంథాన్ని ఫ్రెంచి భాషలోకి అనువదించినందుకు ఇచ్చింది. సమాజ శాస్త్రం ఆయన పారిస్‌లో గొప్ప ఆచార్యుల తరగతుల్లో కూర్చుని విని నేర్చుకున్న విద్య. అనువాదం ఇరవై ఏళ్ళ వయసు నుండీ చేతిలో ఉన్న పని. ఈ రెండూ ఆయనలో ఎలా కలిశాయో చూస్తే ఆయన జీవితం మనకు సులువుగా బోధపడుతుంది.

ఫార్సీ అంటే మనకేదో దూరపు భాష అనుకోనక్కర్లేదు. మనం నిత్యం వాడే రోజు, బజారు, దుకాణం, సర్కారు, జమీందారు, దస్తావేజు అన్నీ ఫార్సీ నుండి తెలుగులోకి నడిచి వచ్చిన మాటలే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాయించేవారు. ఒక భాషలోని మాటను మరో భాషవాళ్ళకు అందించడం మన గడ్డకు కొత్త కాదు.

పంతులు కొడుకు పంతులు

షరీఅతీ 1933లో ఖురాసాన్ ప్రాంతంలోని సబ్జెవార్ పట్టణం దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి ముహమ్మద్ తఖీ షరీఅతీ ధార్మిక విద్య అభ్యసించిన పండితుడు. అయినా మౌల్వీగా స్థిరపడకుండా మష్హద్ నగరంలో బడి పంతులుగా చేరారు. కొత్త చదువులు చదివే యువకులు ధర్మానికి దూరమవుతున్నారని గమనించి, 1940ల్లో ఇస్లామీ సత్యాలను ప్రచారం చేసే ఒక కేంద్రాన్ని ఆ నగరంలో నెలకొల్పారు. ఖుర్ఆన్‌కు వ్యాఖ్యానం కూడా రాశారు. ఇల్లంతా పుస్తకాలే. కొడుకుకు మొదటి గురువు ఆయనే.

అలీ కూడా తండ్రి దారిలోనే మష్హద్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. 1952లో శిక్షణ ముగించుకుని, నగరం పక్కనున్న అహ్మదాబాద్ అనే పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునిగా ఉద్యోగం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఈ మేధావి జీతం తీసుకున్న మొదటి పని చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడం. పంతులుగా పని చేస్తూనే ఆయన మష్హద్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి 1958లో పట్టా పుచ్చుకున్నారు. మధ్యలో 1957లో షా ప్రభుత్వం ఆయననూ తండ్రినీ మరికొందరినీ రాజకీయ కార్యకలాపాల పేరిట అరెస్టు చేసి కొంతకాలం చెరలో ఉంచింది. 1958లోనే తన సహాధ్యాయిని పూరాన్ గారిని వివాహమాడారు.

మొదటి అనువాదం: హజ్రత్ అబూజర్ (రజి)

పల్లె బడిలో పని చేస్తున్న రోజుల్లోనే షరీఅతీ అరబీ నుండి ఒక పుస్తకాన్ని ఫార్సీలోకి అనువదించారు. ఈజిప్టు రచయిత అబ్దుల్ హమీద్ జౌదత్ అస్సహ్హార్ హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) జీవితంపై రాసిన పుస్తకం అది.

హజ్రత్ అబూజర్ (రజి) ఎవరో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. గిఫార్ తెగ నుండి వచ్చి, తొలిరోజుల్లోనే ఇస్లాం స్వీకరించిన సహాబీ. ధనం కూడబెట్టి పేదల హక్కును మరిచినవారిని ముఖం మీదే నిలదీసిన సత్యవాది. చివరికి రబజా అనే ఎడారి ప్రదేశంలో ఒంటరిగా కన్నుమూసిన త్యాగమూర్తి.

షరీఅతీ ఆ పుస్తకాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఆ రోజుల్లో ఇరాన్ యువకులకు పేదల హక్కుల గురించి మాట్లాడేవారు ఒక పక్క, ధర్మం గురించి మాట్లాడేవారు మరో పక్క ఉండేవారు. మొదటివారు ధర్మం పాతబడిపోయిందనేవారు. రెండోవారిలో చాలామంది పేదరికం ఊసెత్తేవారు కాదు. పేదల పక్షాన నిలబడడం ఎక్కడి నుండో అరువు తెచ్చుకోవలసిన ఆలోచన కాదని, పద్నాలుగు వందల ఏళ్ళ నాడే మనకు అబూజర్ (రజి) ఉన్నారని చూపించడానికి ఆ అనువాదం పనికొచ్చింది. షరీఅతీ చివరిదాకా అబూజర్ (రజి) పేరు తలచుకుంటూనే ఉన్నారు.

అనువాదమంటే నిఘంటువు ముందు పెట్టుకుని మాటకు మాట రాయడం కాదని ఈ మొదటి ప్రయత్నంలోనే తెలుస్తుంది. మన వాళ్ళకు ఇప్పుడు ఏది అవసరమో గుర్తించి, దానిని ఎంచి తేవడంలోనే సగం అనువాదం ఉంది.

పారిస్ చదువులు

ప్రభుత్వ ఉపకార వేతనంపై షరీఅతీ 1959లో పారిస్ వెళ్ళారు. అక్కడ ఆయన కూర్చున్న తరగతులు, కలిసిన మనుషులు ఆయన ఆలోచనను ఎంతగానో విస్తరింపజేశారు. జార్జ్ గుర్విచ్ దగ్గర సమాజ శాస్త్రం విన్నారు. సమాజంలో ఏయే వర్గాలున్నాయి, వాటి మధ్య సంబంధాలు ఎలా మారుతుంటాయి అన్నవి ఆ తరగతుల్లోని పాఠాలు. ముస్లిం సమాజాలను లోతుగా అధ్యయనం చేసిన జాక్ బెర్క్ ఉపన్యాసాలు విన్నారు. ఈ బెర్క్ గారే తర్వాతి కాలంలో ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు.

అందరికన్నా ఎక్కువగా ఆయన మనసుకు దగ్గరైనవారు లూయీ మసిన్యోన్. ఈయన క్రైస్తవుడు. అయినా జీవితమంతా ముస్లిం సూఫీ మహనీయులపై పరిశోధన చేసిన పండితుడు. హజ్రత్ ఫాతిమా (రజి) గురించి మసిన్యోన్ సేకరిస్తున్న సమాచారం విషయంలో షరీఅతీ ఆయనకు 1960 నుండి 1962 వరకు సహాయకునిగా పని చేశారు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) పై మసిన్యోన్ రాసిన పుస్తకాన్ని ఫార్సీలోకి తెచ్చారు. సల్మాన్ (రజి) ఇరాన్ నుండి సత్యాన్వేషణలో బయలుదేరి మదీనా చేరిన సహాబీ. అరబీ రాని తన దేశస్థుల కోసం సూరె ఫాతిహాను ఫార్సీలో రాసి పంపారని హనఫీ ఫిఖ్ గ్రంథాల్లో ఒక కథనం కూడా ఉంది. ఆ విధంగా చూస్తే మన సంప్రదాయంలో తొలి అనువాదకుల వరుసలో నిలిచేవారు సల్మాన్ (రజి).

పారిస్‌లో ఉండగానే నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ కారెల్ ప్రార్థన గురించి రాసిన చిన్న పుస్తకాన్ని కూడా ఫార్సీ చేశారు. సైన్సు చదివితే నమాజు వదిలేయాలేమో అనుకునే విద్యార్థికి, ఒక శస్త్రచికిత్స నిపుణుడే ప్రార్థన విలువ చెబుతున్నాడు చూడు అని చూపించాలని ఆయన ఉద్దేశం. అల్జీరియా ప్రజల స్వాతంత్ర్య పోరాటానికి పారిస్‌లో మద్దతు పలికారు. 1961లో కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా కోసం జరిగిన ప్రదర్శనలో పాల్గొని అరెస్టయ్యారు.

బల్ఖ్ నగర గ్రంథం

ఇక ఆయన డాక్టరేటు సంగతి. ఫార్సీ పండితుడు జిల్బేర్ లజార్ పర్యవేక్షణలో "ఫజాయిలె బల్ఖ్" అనే గ్రంథాన్ని షరీఅతీ ఫ్రెంచిలోకి అనువదించి 1963లో సమర్పించారు. "బల్ఖ్ నగర విశిష్టతలు" అని ఆ పేరుకు అర్థం.

బల్ఖ్ నేటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లో ఉంది. ఒకప్పుడు ఇస్లామీ విద్యలకు పేరుమోసిన పట్నం. మౌలానా రూమీ కుటుంబం అక్కడిదే. 1214లో ఆ నగరానికి చెందిన ఒక ధర్మపండితుడు తన ఊరి గొప్పతనాన్ని, అక్కడ జీవించిన డెబ్బై మంది విద్వాంసుల చరిత్రలను అరబీలో రాశాడు. ఆరేళ్ళకు, 1220లో, చెంగిజ్ ఖాన్ సేనలు వచ్చి పడ్డాయి. నగరం నాశనమైంది. 1278లో అబ్దుల్లా హుసైనీ అనే పండితుడు ఆ అరబీ గ్రంథాన్ని ఫార్సీలోకి అనువదించాడు. కాలక్రమంలో అరబీ మూలం కనుమరుగైపోయింది. ఈనాడు మనకు మిగిలింది ఆ ఫార్సీ అనువాదమే.

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించండి. ఊరు పోయింది. మూలగ్రంథం పోయింది. నిలిచింది అనువాదం. ఆ డెబ్బై మంది విద్వాంసుల జీవితాలు ఈ గ్రంథంలో మనదాకా వచ్చాయంటే దానికి కారణం, "మన వాళ్ళకు అరబీ అంతగా రావడం లేదు, వాళ్ళ భాషలో చెబుదాం" అని పూనుకున్న ఒక అనువాదకుడు. దాదాపు ఏడు వందల ఏళ్ళ తర్వాత మరో అనువాదకుడు ఆ గ్రంథాన్ని ఫార్సీ నుండి ఫ్రెంచికి మోసుకెళ్ళాడు.

ఆ పరిశోధనకు షరీఅతీకి గొప్ప శ్రేణి ఏమీ రాలేదు. ఉత్తీర్ణత మాత్రం దక్కింది. మార్కుల పట్టికను చూసి పిల్లల భవిష్యత్తును తేల్చేసే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మళ్ళీ బడికి, అక్కడి నుండి జనంలోకి

1964లో షరీఅతీ భార్యాబిడ్డలతో స్వదేశానికి బయలుదేరారు. సరిహద్దు దాటగానే పోలీసులు అరెస్టు చేశారు. కొన్ని వారాల చెర తర్వాత విడుదలయ్యారు. సోర్బాన్ పట్టా చేతిలో ఉన్నా విశ్వవిద్యాలయంలో వెంటనే చోటు దొరకలేదు. మళ్ళీ బడిలో పాఠాలు చెప్పారు. ఆయన దానిని అవమానంగా భావించి కూర్చోలేదు. 1966లో మష్హద్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించే అవకాశం వచ్చింది. వేరే శాఖల విద్యార్థులు కూడా తమ తరగతులు వదిలి ఆయన పాఠానికి వచ్చి నిలబడేవారు. అదే ప్రభుత్వానికి కంటగింపయింది. 1971లో అక్కడ ఆయన బోధన ఆగిపోయింది.

అప్పటికే ఆయన టెహ్రాన్‌లోని హుసైనియె ఇర్షాద్‌లో ప్రసంగాలు మొదలుపెట్టారు. హుసైనియా అంటే ఇమామ్ హుసైన్ (రజి) సంస్మరణ సభలు జరిగే స్థలం. హైదరాబాదులోని ఆషూర్‌ఖానాల వంటిదనుకోవచ్చు. ఆ చోటు ఆయన రాకతో కళాశాలలా మారింది. ఇంజనీరింగు, వైద్యం చదివే యువతీ యువకులు వేలాదిగా వచ్చేవారు. ప్రసంగాలను టేపుల్లో రికార్డు చేసి, విద్యార్థులే కూర్చుని రాసి, అచ్చు వేసి పంచేవారు. ఈనాడు 35కు పైగా సంపుటాలుగా ఉన్న ఆయన రచనల్లో పెద్ద భాగం ఈ విధంగా నోటి మాట నుండి పుస్తకమైందే.

సమాజ శాస్త్రాన్ని ఎలా బోధించారు?

షరీఅతీ పద్ధతి ఒక ఉపాధ్యాయుని పద్ధతి. పిల్లలకు తెలిసిన దాని నుండి తెలియని దానికి వెళ్ళాలని మాకు శిక్షణలో నేర్పుతారు. ఆయన చేసింది అదే. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది హాబీల్, ఖాబీల్ వృత్తాంతం. సూరె మాయిదాలో వచ్చే ఈ కథ ప్రతి ముస్లిం ఇంట్లో తెలిసినదే. ఆదమ్ (అలై) కొడుకులిద్దరూ ఖుర్బానీ సమర్పించడం, ఒకరిది స్వీకరించబడడం, రెండోవాడు అసూయతో తమ్ముణ్ణి చంపడం. మనం దీనిని అసూయ తప్పు అనే నీతితో ముగిస్తాం. షరీఅతీ మరో ప్రశ్న వేశారు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే పెంపకం; మరి ఇద్దరూ ఇంత భిన్నంగా ఎందుకు తయారయ్యారు? ఇద్దరి వృత్తులు చూడమన్నారు. హాబీల్ పశువుల కాపరి. పచ్చికబయలు, నీరు అందరివీ అయిన కాలానికి ఆయన ప్రతినిధి. ఖాబీల్ సేద్యగాడు. నేలకు గట్టు వేసి "ఇది నాది" అన్న కాలానికి ప్రతినిధి. మనిషిని మనిషి చంపడం ఆ "నాది" అన్న చోట మొదలైందని ఆయన వివరణ. ఆస్తి, వర్గం వంటి సమాజ శాస్త్ర పాఠాలు ఈ కథ ద్వారా విద్యార్థులకు ఒక్క పూటలో అర్థమయ్యేవి. ముఫస్సిర్లు చెప్పిన వ్యాఖ్యానం ఇది కాదు. కథను సమాజ శాస్త్రం కళ్ళతో చదివిన తీరు అని మనం గుర్తుంచుకుంటే చాలు.

రెండోది హజ్. హజ్ యాత్రపై ఆయన రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడవడం హజ్‌లో, ఉమ్రాలో తప్పనిసరి. ఆ నడక హజ్రత్ హాజిరా (అలై) నడిచిన నడక. దాహంతో అల్లాడుతున్న బిడ్డ కోసం నీళ్ళు వెతుకుతూ ఆ తల్లి పరుగెత్తింది. షరీఅతీ ఇక్కడ విద్యార్థులను ఆపి, ఆమె ఎవరో చూడమంటారు. ఒక స్త్రీ. పరాయి దేశం నుండి వచ్చిన నల్లజాతి దాసి. సమాజం లెక్కలో అందరికన్నా కింద ఉన్న మనిషి. అల్లాహ్ లెక్కలో మాత్రం రాజులూ చక్రవర్తులూ కూడా ఆమె అడుగుల్లో అడుగు వేయాల్సిందే. సమానత్వం గురించి పది పేజీల పాఠం చెప్పలేనిది ఈ ఒక్క వివరణ చెబుతుంది. కూర్చుని ఏడవకుండా లేచి వెతకడమే సయీ అని, మనిషి వంతు ప్రయత్నం చేశాకే జమ్‌జమ్ ఊరిందని కూడా ఆయన గుర్తు చేస్తారు.

అరబీ నుండి ఫార్సీకి, ఫ్రెంచి నుండి ఫార్సీకి, ఫార్సీ నుండి ఫ్రెంచికి పుస్తకాలు తెచ్చిన మనిషి ఇక్కడ చేస్తున్నదీ అనువాదమే. పెద్దల ఇళ్ళలో, మస్జిదుల్లో నానిన మాటలను కాలేజీ కుర్రవాళ్ళ ప్రశ్నల భాషలోకి మారుస్తున్నారు. సమాజ శాస్త్రం ఆయనకు ఆ పనిలో ఉపయోగపడిన నిఘంటువు.

ఇక్బాల్, హైదరాబాదు

షరీఅతీ గౌరవించిన ఆలోచనాపరుల్లో మన దేశపు మహాకవి అల్లామా ఇక్బాల్ ముఖ్యులు. ఆయనపై ప్రత్యేకంగా ప్రసంగించారు, "మేము, ఇక్బాల్" అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం కూడా ఉంది. ఇక్బాల్ తన కవిత్వంలో పెద్ద భాగాన్ని ఫార్సీలోనే రాయడం వల్ల ఇరాన్ వారికి ఆయన సొంత కవి అయ్యారు. ఇస్లామీ చింతన పునర్నిర్మాణంపై ఇక్బాల్ ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసాలు మద్రాసులో, 1929లో మన హైదరాబాదులో కూడా జరిగాయి. ఇక్కడ మన పెద్దలు కూర్చుని విన్న ఆలోచనలు పుస్తకమై ఇరాన్ చేరి, అక్కడి యువకులను కదిలించాయన్నమాట.

విమర్శలు, చెర, మరణం

షరీఅతీ చెప్పినదంతా అందరూ ఒప్పుకున్నారనుకోకూడదు. ఆయన షియా సంప్రదాయంలో పుట్టి పెరిగినవారు. ఆ దృష్టితో రాసిన విషయాల్లో సున్నీ పాఠకులు అంగీకరించనివి ఎన్నో ఉన్నాయి. ఇరాన్ ఉలమాల్లోనే చాలామంది ఆయనను తీవ్రంగా ఆక్షేపించారు. ధార్మిక విద్యలు క్రమపద్ధతిలో చదవని మనిషి ఇంత ధాటిగా తీర్పులు చెప్పవచ్చా అని అడిగారు. ఆయత్తుల్లా ముతహ్హరీ వంటి పండితుడు హుసైనియె ఇర్షాద్ నుండే తప్పుకున్నారు. ఆవేశంలో చారిత్రక వివరాలు తారుమారు చేస్తారన్న ఆక్షేపణ కూడా ఉంది. ఇందులో కొంత నిజముంది.

అయితే ఆయన గొప్పతనం ఎక్కడుందంటే, తన రాతల్లో తప్పులు ఉండవచ్చని తానే ఒప్పుకున్నారు. తన చివరి కాలంలో ముహమ్మద్ రిజా హకీమీ అనే పండితునికి వీలునామా వంటి ఉత్తరం రాసి, తన రచనలను పరిశీలించి దిద్దే అధికారం ఆయనకు అప్పగించారు. జీవితమంతా పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన ఉపాధ్యాయుడు తన పుస్తకాలను దిద్దమని మరొకరి చేతికి ఇచ్చారు. మనలో ఎంతమందికి ఆ వినయం ఉంది?

1972 నవంబరులో ప్రభుత్వం హుసైనియె ఇర్షాద్‌ను మూసివేసింది. షరీఅతీ అజ్ఞాతంలోకి వెళ్ళారు. ఆయన దొరకకపోయేసరికి పోలీసులు వృద్ధుడైన తండ్రిని పట్టుకెళ్ళారు. 1973లో షరీఅతీ స్వయంగా లొంగిపోయారు. పద్దెనిమిది నెలలు ఏకాంత చెరలో ఉండి 1975 మార్చిలో బయటికి వచ్చారు. బోధించడానికి, పుస్తకాలు అచ్చు వేయడానికి వీల్లేకుండా నిఘాలో బతికారు. 1977 మే నెలలో దేశం విడిచి వెళ్ళారు. నెల తిరిగిందో లేదో, జూన్‌లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో గుండె ఆగి మరణించారు. ఆ మరణంపై ఆయన అభిమానులకు అనుమానాలు ఉండేవి. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్ళు. డమాస్కస్‌లో హజ్రత్ జైనబ్ (రజి) దర్గా సమీపంలో ఖననం చేశారు. సొంత ఊరి మట్టి దక్కలేదు. ఏడాదిన్నర తర్వాత ఇరాన్‌లో విప్లవం వచ్చినప్పుడు వీధుల్లో జనం ఆయన చిత్రపటాలు పట్టుకుని నడిచారు.

మన పిల్లల మాట

ఇప్పుడు మొదట చెప్పిన పిల్ల దగ్గరికి వద్దాం. ఆమెకు కావలసింది ఏమిటి? తనకు కంఠస్థంగా వచ్చినది తనకు అర్థమయ్యే భాషలో కావాలి. తెలుగు నేలపై ఈ పని చేసినవారు లేకపోలేదు. చిలుకూరి నారాయణరావు గారు హిందువై ఉండి కూడా ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. తర్వాత మన ముస్లిం పండితులు ఆ బాధ్యత తీసుకున్నారు. ఫార్సీ నేర్చుకున్న దువ్వూరి రామిరెడ్డి గారు ఉమర్ ఖయ్యాంను "పానశాల"గా తెలుగు చేశారు. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పని చేసిన బూర్గుల రామకృష్ణారావు గారు స్వయంగా ఫార్సీ విద్వాంసులు. ఫార్సీ రుబాయీలకు తెలుగు రూపం ఇచ్చారు. మన ఇళ్ళలో తాతల కాలం నాటి ఉర్దూ, ఫార్సీ పుస్తకాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిని చదివి తెలుగులో చెప్పగలిగే పిల్లలు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. బల్ఖ్ నగరం మీదికి వచ్చినట్టు మన పుస్తకాల మీదికి ఏ సేనలూ రానక్కర్లేదు. చెదలు, మరుపు చాలు.

సొసైటీ పెద్దలకు ఒక ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనిషిగా నా మనవి ఇది. మనం జకాత్, సదఖా సొమ్ముతో పిల్లల ఫీజులు కడుతున్నాం, పుస్తకాలు కొనిస్తున్నాం. అల్లాహ్ దానిని స్వీకరించుగాక. దానితోపాటు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పిల్లలనైనా భాషలు, సాహిత్యం, సమాజ శాస్త్రం చదవడానికి ప్రోత్సహిద్దాం. "ఆ చదువుకు ఉద్యోగమేం వస్తుంది?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం నిజమైనదే, పేద ఇంట్లో అది తప్పు కాదు. అందుకే వాళ్ళకు తోడుగా సంఘం నిలబడాలి. ఇంజనీర్లు, డాక్టర్లు మనకు కావాలి. వాళ్ళకు వాళ్ళ సూరాల అర్థం చెప్పేవాళ్ళు కూడా కావాలి.

ఇది పెద్ద ఖర్చు పని కూడా కాదు. వారానికి ఒక గంట, ఒక గది, ఒక సూరె, తెలుగులో దాని భావం చెప్పి పిల్లల ప్రశ్నలు వినే ఒక మనిషి చాలు. ఈ రంజాన్ తర్వాత మా బడి దగ్గర ప్రతి ఆదివారం సాయంత్రం ఈ పని మొదలుపెట్టాలని సంకల్పించుకున్నాను. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి, ఇప్పుడు పదో తరగతి, తన చెల్లెల్ని కూడా తీసుకొస్తానంది.

మన జ్ఞానాన్ని పెంచి, దానిని పదిమందికి అర్థమయ్యేలా అందించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.